సున్నా సాధించిన వార్డు

మహమ్మారి వల్ల మనకు కలిగిన మేళ్లలో గొప్పది ఏదని నన్నడిగితే, గ్రాఫు అంటాను. నవ్వకండి. ఇవాళ ఎందరికి సోకింది, నిన్నటికంటే ఎక్కువా తక్కువా అని రోజూ చూసుకునే అలవాటు మనిషికి చేసినంత ఉపకారం ఏ మందూ చేయలేదు!

మీరే ఆలోచించండి. అంతకు ముందు మా భవనంలో సాయంత్రం ఆరింటికి ఏం జరిగేది? నీళ్ల మోటారు ఎవరు ఆపలేదన్న గొడవ. ఇప్పుడో? ఆరు కొట్టగానే మగవాళ్లంతా మెట్ల కింద నల్లబల్ల ముందు చేరి, తలా ఒక గజం దూరంలో నిలబడి, ఏడు రోజుల సగటు గురించి మాట్లాడుకుంటారు. మోటారు ఇప్పటికీ ఎవరూ ఆపరు, నీళ్లు మెట్ల మీదుగా వీధిలోకి పోతూనే ఉంటాయి, కానీ అంత చిన్న సంగతి ఇప్పుడు ఎవరికి కావాలి?

ఆ నల్లబల్ల నాది. నేను డ్రాయింగ్ మాస్టారిని. బడి మూతపడ్డాక రంగు సుద్దముక్కలు ఖాళీగా ఉన్నాయి, నేనూ ఖాళీగా ఉన్నాను. ప్రభుత్వం ఆరింటికి విడుదల చేసే బులెటిన్‌లో మా వార్డు అంకె చూసి, బల్ల మీద చుక్క పెట్టి, నిన్నటి చుక్కతో కలుపుతాను. ఎక్కితే ఎరుపు, దిగితే ఆకుపచ్చ. గీత ఎక్కడైనా మరీ మొరటుగా విరిగితే అందం కోసం కాస్త గుండ్రం చేస్తాను. కళాకారుడికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలి.

ఈ గ్రాఫు మమ్మల్నందరినీ నిపుణుల్ని చేసింది. రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డుగారు తాడు పార్టీ నాయకుడు. వీధి మొదట్లో ప్రభుత్వం అడ్డంగా కట్టిన తాడు వల్లే రోగం ఆగుతోందని ఆయన వాదన. తాడు నడుము ఎత్తున ఉంటుంది, మేమంతా వంగి కింద నుంచి దూరిపోతాం. వైరస్‌కి నడుము లేదు కాబట్టి వంగలేదని కాబోలు ఆయన ధీమా. కింది అంతస్తు టైలరుది షట్టరు పార్టీ. ఉదయం ఏడు నుంచి పదకొండు దాకానే దుకాణాలు తెరవాలనడంతో, రోజంతా విడివిడిగా వచ్చే జనం ఆ నాలుగు గంటల్లో ఒకరి మీద ఒకరు పడుతున్నారని ఆయన వాదన. ఇందులో కొంత నిజం ఉంది కనుక ఎవరూ వినిపించుకోరు.

ప్రభుత్వం మాత్రం తక్కువ తిన్నదా? అంకె పెరిగినప్పుడల్లా తాడుకి ఇంకో ముడి వేయించింది. ఒక వారం పెద్ద ట్యాంకరు తెచ్చి రోడ్డు మొత్తానికి మందు కొట్టించింది. ఆ రోడ్డు ఇంతవరకు తుమ్మలేదు!

ఇక మా ఇంటి సంగతి. మా అక్క నా దగ్గరే ఉంటుంది. వార్డు ఆరోగ్య కేంద్రంలో పరీక్షల కౌంటరు ఆమెది. వచ్చినవాళ్ల ముక్కులో పుల్ల తిప్పి, కిట్ మీద గీత ఒకటా రెండా చూసి, కాగితం మీద సంతకం చేస్తుంది. వార్డు మొత్తానికి ఆ పని చేసేది ఆమె ఒక్కతే. రెండో మనిషిని వేస్తామని ఏడాదిగా చెబుతున్నారు. మాకు అంటకూడదని గుమ్మం పక్క గదిలో వేరుగా ఉంటుంది, వేరుగా తింటుంది. నా గ్రాఫు వైపు కన్నెత్తి చూడదు. సైన్సు పట్టని మనిషి, పోనీలే అనుకునేవాణ్ని.

ఒక సోమవారం అంకె నలభై ఒకటి. మంగళవారం ముప్ఫై ఎనిమిది. బుధవారం మధ్యాహ్నమే అక్క ఇంటికి వచ్చి, "ఒళ్లు కాలిపోతోందిరా" అని గది తలుపు వేసుకుంది. ఆ సాయంత్రం అంకె పన్నెండు. గురువారం సున్నా!

పాఠకులారా, మీరెప్పుడైనా సున్నా దాకా గీత గీశారా? ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు కొండలూ సూర్యుడూ గీయించాను కానీ అంత అందమైన వాలు నా చేతి కింద ఎన్నడూ రాలేదు. శుక్రవారం సున్నా. శనివారం సున్నా. మూడు పూటలా అక్క తలుపు దగ్గర పళ్లెం పెట్టి, అంకె కూడా చెప్పి వచ్చేవాణ్ని. ఆమె ఊ అనేది కాదు. పళ్లెం కూడా సగం అలాగే వచ్చేది.

మెట్ల కింద మాత్రం యుద్ధం మొదలైంది.

"తాడండీ తాడు," అన్నారు గార్డుగారు. "ఆదివారం నేనే దగ్గరుండి ముడి బిగించాను. నాలుగు రోజులు తిరిగేసరికి సున్నా. ఇంకేం రుజువు కావాలి మీకు?"

"ముడి కాదు సార్. సోమవారం నుంచి నేను పదకొండు దాటాక కూడా సగం షట్టరు ఎత్తి బట్టలిస్తున్నాను. రద్దీ తగ్గింది, రోగం తగ్గింది," అన్నాడు టైలరు.

"అంటే రూలు తప్పానని మీరే ఒప్పుకుంటున్నారు."

"తప్పాను కాబట్టే కదా తగ్గింది."

రెండు పార్టీలూ కలిసింది ఒక్క చోటే. వార్డు అధికారికి అభినందన లేఖ పంపాలన్నారు. నా దస్తూరి బాగుంటుంది కనుక నేనే రాశాను. మా వార్డు రోగాన్ని జయించిందనీ, పరీక్షల కౌంటరు ఇక్కడే ఉంటే పక్క వార్డుల రోగులు వచ్చి మా సున్నాని పాడుచేస్తారనీ, అందుచేత దాన్ని వెంటనే మరో చోటికి మార్చాలనీ కోరాను. గ్రాఫు జత చేశాను. పదహారు మంది సంతకాలు పెట్టారు. ప్రభుత్వం జనం మాట వినదని ఎవరన్నారు? సోమవారం ఉదయానికల్లా కౌంటరుకి తాళం, తాళం మీద లక్క సీలు!

ఈ శుభవార్త చెబుదామని అక్క తలుపు దగ్గర నిలబడ్డాను. "అక్కా, కౌంటరు ఎత్తేశారు. నీకిక తిప్పలు తప్పాయి."

లోపల చాలాసేపు దగ్గు వినిపించింది. తర్వాత మెల్లగా అంది, "పరీక్ష చేసేదాన్ని నేను పడకేస్తే సున్నా కాక ఇంకేం వస్తుందిరా?"

తలుపుకి చెవి ఆనించాను.

"సెలవు ఇవ్వాలంటే పాజిటివ్ కాగితం కావాలంటున్నారు ఆఫీసువాళ్లు. సంచీలో ఒక్క కిట్ ఉంటే నేనే చేసుకున్నాను. రెండు గీతలు వచ్చాయి. నీ కాగితం మీద నువ్వే సంతకం పెడితే చెల్లదు, కౌంటరుకి వెళ్లు అన్నారు. రేపటిలోగా ఇవ్వకపోతే పని ఎగ్గొట్టినట్టు రాసి తీసేస్తారట. ఇప్పుడు నువ్వొచ్చి కౌంటరే లేదంటున్నావు."

ఆమె గొంతులో కోపం లేదు. కోపగించుకోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా. వార్డులో ప్రతి అంకె తెలిసిన నాకు, రోజూ పళ్లెం పెట్టి వచ్చే తలుపు వెనక ఏముందో తెలియలేదు.

ఆ సాయంత్రం బులెటిన్‌లో సున్నా వచ్చింది. నేను బల్ల మీద ఒకటి వేశాను. ఎర్ర సుద్దతో, ఎక్కడా గుండ్రం చేయకుండా.

"ఈ ఒకటి ఎక్కడిది మాస్టారూ?" అన్నారు గార్డుగారు.

"మా ఇంట్లోది. మా అక్క."

రెండు పార్టీలూ ఒకేసారి రెండేసి అడుగులు వెనక్కి వేశాయి. బులెటిన్‌లో లేనిది బల్ల మీద ఉండకూడదు, చెరిపేయమన్నారు గార్డుగారు. ఒక్కటే కదా, సగటు తీస్తే కనిపించదులే అని నన్ను ఓదార్చాడు టైలరు. ఆవిడకి ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఆరు రోజులు నాకే తోచలేదు, వాళ్లని అని ఏం లాభం? నేను చెరపలేదు. డస్టరు కనిపించడం లేదని చెప్పాను.

ఇంటికి వచ్చి ఇంకో లేఖ రాశాను. కౌంటరు తెరవాలని, రెండో మనిషిని వేయాలని, మా అక్క సంతకం నమ్మి సెలవివ్వాలని. పదహారు ఇళ్ల తలుపులూ తట్టాను. ఎవరూ తలుపు తీయలేదు. నేను కూడా ఇప్పుడు అంకెలో ఉన్నవాడినే మరి.

మర్నాడు పొద్దున పదింటికి మా తలుపే ఎవరో తట్టారు. గార్డుగారు. మూతికి తువ్వాలు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీ అక్కగారి దగ్గర ఇంకో కిట్ ఏమైనా ఉంటుందా మాస్టారూ? నిన్నటి నుంచి ఒళ్లు నొప్పులు. బల్ల మీద మాత్రం వేయకండి."

"కిట్లన్నీ సీలు లోపల ఉన్నాయి సార్. ఆ సీలు వేయించింది మన పదహారు సంతకాలే. మీరు దీని మీద సంతకం పెడితే ఇప్పుడే అధికారి దగ్గరికి పరిగెత్తుతాను. అక్క గడువు ఇవాళే."

లేఖ ఒకటికి రెండుసార్లు చదివారు. పెన్ను తీసుకున్నారు. మూత తీయలేదు.

"ఇది పెడితే మన సున్నా పోతుంది కదా మాస్టారూ," అని దగ్గారు.

గుమ్మం పక్క గదిలో నుంచి అక్క కూడా దగ్గింది. బులెటిన్‌కి ఇంకా ఎనిమిది గంటల టైముంది. అంకె ఎంతో నేను ఇప్పుడే చెప్పగలను.