మర్యాదస్తుల ఇంజను

ఆ ఉదయం ఆర్వో పథకం చిన్నది. మంచు ఊడ్చే మిషనుతో పక్కింటి హిల్మా వాకిలి శుభ్రం చేయాలి. తరవాత తలుపు తట్టి, లోపలికి వెళ్ళి కాఫీ తాగాలి. వాకిలి ఊడ్చడం ఏళ్ళుగా చేస్తున్నదే. తలుపు తట్టడమే కొత్త. భార్య పోయాక అతను ఎవరి తలుపూ తట్టలేదు. ఆ ఊళ్ళో పని లేకుండా ఇంకొకరి గుమ్మం ఎక్కరు. మిషను ఆడితేనే కాఫీ.

మిషను ఆడలేదు. చోక్ వేసి తాడు లాగాడు, తీసి లాగాడు. సుపీరియర్ సరస్సు మీంచి వచ్చిన మంచు మోకాలి లోతు పడి ఉంది. ఆర్వో భుజం పట్టేసింది తప్ప ఇంజను దగ్గనైనా దగ్గలేదు.

తాడు చప్పుడు విని ఎదురింటి వెయికో వచ్చాడు. అక్కడ సాయం కావాలని అడగరు, చేస్తామని చెప్పరు. వచ్చి పక్కన నిలబడతారు.

"చలిగా ఉంది," అన్నాడు వెయికో.

"మరీ అంత లేదు."

"పెట్రోలు పాతదేమో."

"అయ్యుండొచ్చు."

వెయికో ట్యాంకు ఒంపేసి తన డబ్బాలోది పోశాడు. అందులో ఆయిల్ ముందే కలిపి ఉంది. టూ-స్ట్రోక్ ఇంజనుకి ఆయిల్ కలపాలని ఆర్వోకి చెప్పడం అతన్ని చిన్నబుచ్చడమే, కనుక చెప్పలేదు. కలిపావా అని అడిగితే వెయికో చిన్నబుచ్చుకుంటాడు, కనుక ఆర్వో అడగలేదు. వెయికో అటు తిరిగినప్పుడు తనూ కాస్త ఆయిల్ పోశాడు.

అంతలో వీధి చివరి రూడీ వచ్చి నిలబడ్డాడు. ప్లగ్గు విప్పి, తుడిచి, పెట్టాడు. ఆయిల్ సంగతి అడగబోయి మానేసి, మిగతా ఇద్దరూ ఆకాశం చూస్తుండగా అతనూ పోశాడు. తరవాత కార్బొరేటర్ విప్పారు. ఒక స్క్రూ మంచులో పడింది. ముగ్గురు పెద్దమనుషులూ మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. స్క్రూ దొరికింది. ఇంజను మాత్రం కదల్లేదు.

రూడీ టోపీ తీశాడు. "పోయినట్టుందోయ్."

"మంచి ఇంజను," అన్నాడు వెయికో.

ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆర్వో మిషనుని ఈడ్చుకుంటూ హిల్మా గుమ్మం దాకా వెళ్ళాడు. తట్టకముందే తలుపు తెరుచుకుంది.

"ఇవాళ ఊడ్చలేను, హిల్మా గారూ. ఇంజను పోయింది. మీరు పార పట్టుకోకండి, తుంటికి ఆపరేషనై ఎంతో కాలం కాలేదు."

హిల్మా వంగి, మిషను మీది తాళంచెవి ఒక్క వేలితో తిప్పింది.

"నిన్న మీరు బజారుకెళ్ళినప్పుడు నేనే కట్టేశాను."

ఆర్వో ఎప్పుడూ చోక్‌తోనే ఇంజను ఆపుతాడు. ఆ తాళంచెవి ఉందన్న సంగతే మరిచిపోయాడు. వెయికోకీ రూడీకీ మొదటే అనుమానం వచ్చిందని తరవాత తెలిసింది. తలపండిన మగవాణ్ణి తాళం తిప్పావా అని అడగడం కన్నా ఇంజను విప్పడం నయమనుకున్నారు.

"ఎందుకండీ?"

"ఆడుతుంటే మీరు ఆగరు కదా. ఊడ్చేసి, చెయ్యి ఊపేసి వెళ్ళిపోతారు. చెడిపోతే చెప్పడానికైనా వస్తారనుకున్నా. ప్రతిసారీ కాఫీ కాచి కాచి పారబోశాను. చూస్తే మీ ముగ్గురూ మంచులో ప్రార్థన మొదలుపెట్టారు."

"స్క్రూ పడిపోయింది," అన్నాడు ఆర్వో.

వంగి తాడు లాగాడు. ఒక్క లాగుకి ఇంజను అందుకుంది. ముగ్గురూ పోసిన మర్యాద ఒక్కసారిగా కాలింది. నీలం పొగ తెరిచిన తలుపులోంచి వంటింట్లోకి పోయి, పొయ్యి మీది కాఫీనీ బల్ల మీది యాలకుల రొట్టెనీ కమ్మేసింది. ఎదురింటి కిటికీలోంచి వెయికో అంతా చూశాడు. ఈసారి రాలేదు. ఆ మాత్రం తెలివి ఉంది.

ఆర్వో తాళం కట్టేసి తల దించుకుని నిలబడ్డాడు. "ఇల్లు పాడు చేశాను."

"బూట్లు దులుపుకుని రండి," అంది హిల్మా పొగలోంచి. "బల్ల కనబడదు, నా చెయ్యి పట్టుకోండి."

హిల్మా వాకిట్లో మంచు ఏప్రిల్‌లో దానంతటదే కరిగింది.