చూసినందుకు నోటీసు

లోకంలో ఏ ఫోటో గొప్పదో తేల్చే బాధ్యతను ఇకమీదట ఫోటోలు చూసేవాళ్ళ చేతుల్లో ఉంచరాదని పెద్దలు నిర్ణయించారు. మంచిదే. చూసేవాళ్ళతో ఎప్పుడూ తంటాయే.

ఈ పద్ధతి నడిచే చోటును ఆన్‌లైన్ చిత్రశాల అంటారు. మన ఫోటో నలుగురికీ కనబడాలంటే రోజూ యాభైమంది ఫోటోలకు మనం మార్కులు వేయాలి. పదికి తొమ్మిది వేయడం మర్యాద. ఎనిమిది వేస్తే అలక. ఏడు వేస్తే పగ. తొమ్మిది వేసినవాడికి తిరిగి తొమ్మిది పడుతుంది. (ఒకరి డబ్బా ఒకరు కొట్టడమని మా వీధిలో అంటారు. చిత్రశాలలో దీన్ని సభ్యుల పరస్పర మూల్యాంకనం అంటారు.)

ఈ మధ్య ఒకాయన లెన్సు మూత తీయకుండా తీసిన ఫోటో పెట్టాడు. నాలుగు వందల మంది తొమ్మిది వేశారు. వెలుగును అద్భుతంగా వాడుకున్నారని రాశారు.

వీళ్ళందరి మీదా ప్రధాన న్యాయనిర్ణేత ఒకడున్నాడు. పదకొండు లక్షల ఓట్లు వేసినందుకు ఆ పదవి ఇచ్చారు. (కళ్ళజోడు విరిగి ఏడాదైందట. పనికి ఆటంకం రాలేదు.)

మా అమ్మాయి ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు సైజు ఫోటోలు కత్తిరిస్తుంది. ఆరేళ్ళుగా అదే కత్తెర. చిత్రశాలలో సగటు మార్కులు బాగుంటే పడే 'ఎంపిక' ముద్ర తెచ్చుకుంటే కెమెరా చేతికిచ్చి పెళ్ళిళ్ళకు పంపుతానని ఓనరు అన్నాడు. నెలాఖరు గడువు. అది దాటితే కెమెరా ఆయన బావమరిదికి.

పిల్ల పెట్టిన ఫోటో నేను చూశాను. ఖాళీ బస్సు. కండక్టరు బూట్లు విప్పి, తన పాదం తనే పిసుక్కుంటున్నాడు. ఆ మొహం చూస్తే మన కాళ్ళు లాగుతాయి.

గడువు నాలుగు రోజులుందనగా స్టూడియోలో పని ఎక్కువై, ఆ రోజు ఓట్లు వేసి పెట్టమని ఫోన్ నాకిచ్చి వెళ్ళింది. నేను ముప్పై ఏళ్ళు సీసాల ఫ్యాక్టరీలో ప్రతి సీసానూ వెలుతురుకు పట్టి, పగులుందేమో చూసినవాణ్ణి. ఫోటోలూ అలాగే చూశాను. ఒక్కోటి నాలుగు నిమిషాలు. బాగున్నదానికి ఎనిమిది, అలికినట్టున్నదానికి రెండు. సూర్యాస్తమయాలు పందొమ్మిది వచ్చాయి. సూర్యుడు ఒక్కడే కాబట్టి అన్నిటికీ మూడు వేశాను.

సాయంత్రానికి సభ్యుల భద్రతా విభాగం నుంచి నోటీసు వచ్చింది. 'మీ ఖాతా నుంచి ఒక్కో ఫోటోను సగటున నాలుగు నిమిషాలు చూసినట్టు గుర్తించడమైనది. సాధారణ సభ్యుడికి ఒక సెకను సరిపోతున్నది. ఇంతసేపు ఏమి వెతుకుచున్నారో వెంటనే తెలుపగలరు. అంతవరకు మీరు ఎంపికకు అనర్హులు.'

మూడు పడ్డవాళ్ళు ఊరుకోలేదు, తమవాళ్ళనూ కూడగట్టారు. కండక్టరుకు గంటలో నూట పది ఒకట్లు పడ్డాయి. సూర్యాస్తమయం పెట్టినవాళ్ళలో ఒకడు మా అమ్మాయిని అక్కా అంటూ మెసేజ్ కూడా పెట్టాడు. తను అక్కకి తొమ్మిది వేశాడట, అక్క మూడు వేసిందట, మనిషన్నాక విశ్వాసం ఉండాలట.

అమ్మాయి వచ్చి ఫోన్ చూసుకుంది.

"నిన్ను చూడమన్నానా నాన్నా? నొక్కమన్నాను."

"చూడకుండా ఎలా నొక్కనే?"

"అందరూ ఎలా నొక్కుతున్నారో అలాగే."

అప్పీలు చేసుకోవచ్చని నోటీసు అడుగున ఉంది. అప్పీలు న్యాయమైనదో కాదో సభ్యులే ఓటేసి తేలుస్తారు. అందుకు ముందు మనం రెండు వందల మంది అప్పీళ్ళకు ఓటేయాలి. వాటిని చదవరాదని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. కారణం రాయాల్సిన గడిలో అమ్మాయి 'మా నాన్న చూశారు, మళ్ళీ చూడరు' అని రాసి, కింద నా పేరు పెట్టింది. అప్పీలు ఏకగ్రీవంగా నెగ్గింది.

ఆ తర్వాత కండక్టరు ఫోటోను తనే తీసేసింది. సగటును కిందికి లాగుతున్నాడట. ఫోన్లో ఉన్నవాటిలో చేతికందిన ముప్పై ఎక్కించి, తింటూ, నడుస్తూ, బస్సు కోసం నిలబడీ తొమ్మిదులు నొక్కింది.

నెలాఖరున ముద్ర వచ్చింది. ఓనరు ముద్ర చూసి కెమెరా ఇచ్చాడు. ఫోటో అడగలేదు. బావమరిది రెండు రోజులు షాపు మెట్లెక్కలేదు.

ముద్ర ఏ ఫోటోకొచ్చిందని అమ్మాయిని అడిగాను.

"తీరిగ్గా చూసి చెప్తాలే నాన్నా," అంది, తొమ్మిది నొక్కుతూ.