ముగ్గురికీ కలిపి పావు పేజీ

ఆ ఆదివారం పొద్దున మాత్రలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పేపరు రాగానే అందులోని పావు పేజీ ప్రకటన పైకి కనబడేట్టు మడిచి మామగారి కుర్చీ పక్కన పెట్టాలి. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు స్నానానికి వెళ్లిపోవాలి.

మాత్రలాయనకు మందుల షాపేమీ లేదు. వేళకు మాత్ర గుర్తుచేసి, వేసుకున్నానని చెప్పేదాకా ఫోన్లో మోగుతూనే ఉండే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశాడు. వాళ్లమ్మ ఒకసారి వారం రోజులు బీపీ మాత్ర మరిచిపోయింది. ఆ వారమే ఆవిడకు ఆఖరిదైంది. ఆ దుఃఖంలోంచి పుట్టిన పని అది. అయినా కొన్నవాళ్లు ముగ్గురే. నెలాఖరులోగా ఇరవైమంది కాకపోతే అన్నీ కట్టిపెట్టి, మామగారు చెప్పి ఉంచిన ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరతానని ఇంట్లో మాటిచ్చాడు. నెలాఖరుకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

అతనితో ఆఫీసు గది పంచుకునే ఇద్దరి పరిస్థితీ అంతంతమాత్రమే. హాజరాయన బడి పిల్లల హాజరు చూసే సాఫ్ట్‌వేర్ చేశాడు. సరుకులావిడది దుకాణాల్లో అమ్ముడుపోని సరుకును పట్టి చూపించేది. విడివిడిగా ప్రకటన వేసే స్తోమత ఎవరికీ లేక ముగ్గురూ కలిసి పావు పేజీ కొన్నారు. ఎవరిది ముందుండాలనే దగ్గర పేచీ వచ్చింది. మామూలు మనుషులైతే చీటీలు వేసుకునేవాళ్లు. వీళ్లు ప్రోగ్రాములు రాసే మనుషులాయె, చీటీలు వేసుకుంటే పరువేం కాను? రెండు రోజులు కూర్చుని, పక్షపాతం లేకుండా వరస మార్చే ప్రోగ్రాము రాశారు. నూరుసార్లు నడిపి, ముగ్గురికీ సమానంగా వంతు వస్తోందని మురిసిపోయి, నూటొకటోసారి వచ్చినదాన్ని చదవకుండానే పత్రికకు పంపేశారు. ఆ మహాతల్లి ప్రోగ్రాము ప్రకటనల వరసతో ఆగలేదు, వాక్యాలను కూడా కలిపేసింది.

మాత్రలాయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి మామగారు గట్టిగా చదువుతున్నారు.

“మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారా? ఆరు నెలలుగా కదలకుండా పడి ఉన్నవేవో ఇట్టే పట్టేస్తాం. సగం ధరకైనా సరే, వదిలించుకునే దారి చూపిస్తాం!”

ఆయనకు మోకాలి ఆపరేషన్ అయి సరిగ్గా ఆరు నెలలు. ఆ కుర్చీలోంచి లేచింది తక్కువ.

“ఏం అల్లుడుగారూ, నన్ను సగం ధరకేనా?” అన్నారు నెమ్మదిగా. ఆయన అరిచి ఉంటే బాగుండుననిపించింది మాత్రలాయనకు.

“మా నాన్నను అంత మాటంటారా?” అంది భార్య వంటింట్లోంచి వచ్చి.

“నేనెక్కడన్నానే? ప్రోగ్రామంది!”

“దాన్ని రాసిందెవరో?”

ఇంతలో ఫోను మోగింది. ప్రకటనలో వేసింది ఈ ఇంటి నంబరే, మిగతా ఇద్దరూ తెలివిగా తప్పుకున్నారు మరి. మామగారే ఎత్తారు. అవతల ఎవరో కోడలు.

“మా అత్తగారున్నారండీ. మీరే వచ్చి తీసుకెళ్తారా, మేం దించిరావాలా?”

“ఫోను ఒకసారి ఆవిడకివ్వమ్మా,” అన్నారు మామగారు. ఆవిడ రాగానే, “అమ్మా, ఇక్కడ నా పరిస్థితీ అదే. పదకొండింటికి ప్రకటనలో ఉన్న ఆఫీసుకు రండి. నిలదీద్దాం,” అన్నారు.

ఆ తర్వాత ఫోను ఆగితే ఒట్టు. తిట్టడానికి చేసిన పెద్దలకూ అదే మాట, బేరానికి చేసిన కొడుకుల తండ్రులకూ అదే మాట. పదిన్నరకు ఆయన చేతికర్ర అందుకుని లేచి నిలబడ్డారు. అల్లుడు చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టారు.

పదకొండింటికి ఆఫీసు మెట్లనిండా చేతికర్రలే. సరుకులావిడ బల్ల వెనక్కి చేరింది. హాజరాయన, “మాకేం తెలీదండీ, అన్నీ ఆయనే!” అని వేలు చూపించాడు. స్నేహమంటే అలా ఉండాలి.

“ఎవడయ్యా మమ్మల్ని వదిలించేది?” అని అందరూ ఒక్కసారిగా మీదికొచ్చారు. మాత్రలాయన వాక్యాలూ వరసలూ చెప్పబోయి మానుకున్నాడు.

“మా అమ్మ మాత్ర మరిచిపోయింది,” అన్నాడు చివరికి. “గుర్తుచెయ్యడానికి నేను పక్కన లేను. ఇంకెవరమ్మకూ అలా కాకూడదని చేశానండీ. అంతే.”

అల్లుడు చేసే పనేమిటని మామగారు ఏనాడూ అడగలేదు. ఇప్పుడాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత జనం వైపు తిరిగి కర్రతో నేలమీద కొట్టారు.

“వినండి. మనల్ని వదిలించుకోవాలని ఫోన్లు చేసినవాళ్లకు ఒక్కటే జవాబు, వేళకు మాత్ర వేసుకోవడం! ఇది మీ ఫోన్లలో పెట్టించుకోండి. ఎన్నాళ్లుంటామో వాళ్లనే చూడనిద్దాం!”

సాయంత్రానికి నలభై ఒక్కమంది చేరారు. మొదటి ఫోను చేసిన కోడలి అత్తగారు తనతోబాటు తన చెల్లెలికీ పెట్టించింది. మర్నాడు మామగారు ఎవరూ పిలవకుండానే ఆఫీసుకొచ్చి, తలుపుకెదురుగా కుర్చీ వేయించుకుని, ఫోన్లన్నీ తానే ఎత్తడం మొదలుపెట్టారు.

అలా ఆ అల్లుడికి ఫ్యాక్టరీలో ఉద్యోగం తప్పింది. ఇప్పుడు సెలవు కావాలంటే మామగారికి అర్జీ పెట్టుకుంటాడు.