అరచేతి కంప్యూటర్లు, చూసిపోయే పుణ్యాత్ములు

కొన్న వస్తువు కంటే కొనని వస్తువే గొప్పది!

ఈ మాట ఊరికే అనడం లేదు. తిరుపతిలో మా బావమరిది చంద్రమౌళి అంగట్లో ఏడాదిపాటు ఓ మూల స్టూలు మీద కూర్చుని, కళ్లారా చూసి అంటున్నాను. కొన్న వస్తువు పాతబడుతుంది, చెడిపోతుంది. పక్కింటివాడు దానికంటే మంచిది కొని మన కడుపు మండిస్తాడు. కొనని వస్తువుకు ఈ తిప్పలున్నాయా? అందుకే కొనేముందు పోల్చుకోవడం అనే కళను మన జనం ఇంత శ్రద్ధగా పెంచి పోషిస్తున్నారు. కొందరు తెలివితక్కువవాళ్లు దీన్ని పీడ అంటారు. కాదు మహాశయులారా, ఇది వరం!

ముందు ఆ అంగడి సంగతి చెప్పాలి. చంద్రమౌళిది నగరి. తాతల కాలం నుంచీ నేత. ఒకరోజు వాడికి జ్ఞానోదయమైంది. కొత్త శతాబ్దం వచ్చేసింది, ఇక లోకమంతా అరచేతిలో పట్టే కంప్యూటర్లతో తిరుగుతుంది, మనం వాటిని అమ్మాలి! అనుకున్నదే తడవుగా ఉన్న మరమగ్గాలన్నీ అమ్మేశాడు. తిరుపతి వచ్చి అంగడి పట్టాడు. అద్దాల బీరువా చేయించి, ఎర్ర వెల్వెట్ గుడ్డ పరిచి, దాని మీద ఆ అరచేతి కంప్యూటర్లు, అదే పామ్‌టాపులు, పేర్చాడు.

మా ఆవిడ వరలక్ష్మమ్మ వాడికి సొంత అక్క. "ఇది గూడా పోయిందంటే వాడు ఇంకొకరి మగ్గం కాడ కూలికి నిలబడాల్సిందే. నువ్వు పొయ్యి కూర్చో" అని రోజూ సాయంత్రం నన్ను అక్కడికి తోలేది.

నేనెందుకు? జనం ఎగబడితే అదుపు చేయడానికి!

ఎగబడ్డారు కూడా. చూడటానికి.

బీరువాలో మూడు రకాలుండేవి. కంపెనీలవాళ్లు వాటికి నోరు తిరగని పేర్లూ నంబర్లూ పెట్టుకున్నారు గాని, మనవాళ్లు ఒక్క పూటలో వాటికి బారసాల చేసేశారు. పుల్లతో గీకితే పనిచేసేది నల్లది. అదే పుల్లతో గీకినా రంగుల్లో కనిపించేది వెండిది. తెరిస్తే లోపల బుల్లి బుల్లి మీటలుండేది మూతది. ఈ మూడింటినీ పోల్చే కార్యక్రమం ఉంది చూశారూ, ఆ ఏడాది తిరుపతిలో కొండెక్కడం తర్వాత అంత భక్తిశ్రద్ధలతో జరిగిన పని మరొకటి లేదని నా నమ్మకం.

మునస్వామిగారినే తీసుకోండి. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పొద్దున అలిపిరి దాకా నడక, సాయంత్రం మా అంగడి దాకా నడక. రాగానే ఫ్యాను వేస్తాం, కాఫీ తెప్పిస్తాం. ఆయన ఒక్కొక్క కంప్యూటర్నీ చొక్కా జేబులో వేసుకుని ముందుకు వంగేవారు. జారిపడేదేది, నిలిచేదేది? పరీక్షించాలి కదా! మా చంద్రమౌళి కింద రెండు చేతులూ పట్టి నిలబడేవాడు.

తర్వాత మెగాబైట్లు. "ఎనిమిది సాలునా, పదహారు కావల్నా సామీ?" అని నన్నడిగేవారు. అందులో ఏం దాస్తారండీ అన్నాను. పాల లెక్క, అల్లుడి ఫోన్ నంబరు అన్నారు. ఒక్క అల్లుడికి పదహారు మెగాబైట్లు! ఎంత లావు అల్లుడండీ ఆయన!

ఐరాల ధనంజయ నాయుడుగారిది ఇంకో పద్ధతి. చెరకు తోటలున్న మనిషి, నీడలో కూర్చుని చేసే పోలికలు ఆయనకు నచ్చవు. ఎండలో స్క్రీను కనిపిస్తుందా లేదా? న్యాయమైన సందేహమే. వెండిదాన్ని చేతబట్టుకుని గడప దిగారు. అంగడి ముందున్న ఎండ ఆయనకు చాల్లేదట. ఎంతసేపటికీ తిరిగి రాకపోతే చంద్రమౌళి బస్టాండు దాకా పరుగెత్తాడు. ఐరాల బస్సులో, కిటికీ పక్క సీట్లో ఉన్నారు నాయుడుగారు.

"ఏమప్పా, దొంగతనమనుకుంటివా? మా తోటలో ఎండకు ఎట్ల కనపడతాదో సూడొద్దా? రేపు ఎవరి చేతనన్నా పంపిస్తాలే!" అన్నారట.

కంప్యూటరైతే తిరిగి వచ్చింది. దాని పుల్ల ఆయన చెవిలో ఉండిపోయింది.

ఇక నగరి నుంచి బాలసుబ్రమణ్యం వచ్చాడు. నలభై మగ్గాల యజమాని. చంద్రమౌళి మగ్గాలు కొన్నది కూడా ఇతనే. కుర్చీలో కూర్చుంటూనే జేబులోంచి ఓ మడత అద్దం తీశాడు. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కబెట్టే భూతద్దం అది. దాన్ని స్క్రీను మీద ఆనించి, ఒంటికన్ను మూసి, చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నల్లదీ, వెండిదీ, మూతదీ అన్నీ అయ్యాక నిట్టూర్చాడు.

"నేత పలుచగా ఉండాదిరా చంద్రమౌళీ. మన పావడ గుడ్డే నయం."

కంప్యూటరుకు నేత చూడటం! ఎంతెంత చదువులు చదివినవాళ్లకైనా తట్టిందా ఈ ఆలోచన? నగరివాడికి తట్టింది. పోల్చుకునే కళ మన జిల్లాలో ఎంత ఎత్తుకు ఎదిగిందో చూడండి!

దీనివల్ల సమాజానికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. అల్లుడితో మాటల్లేని మామలు మూతదానికీ వెండిదానికీ తేడా చర్చించడానికి మళ్లీ కలిశారు. వడమాలపేట నుంచి పెళ్లి బట్టలకని వచ్చిన ఒక కుటుంబం మొత్తం మా అంగట్లో ఫ్యాను కింద సేదదీరి, చంటిపిల్లకు పాలు పట్టి, మూడింటి బరువూ అరచేతుల్లో తూచి, "మళ్లీ వస్తామన్నా" అని ఎంతో మర్యాదగా వెళ్లిపోయింది. ఎదురుగా టీ అంగడి తిరుమలమ్మ వ్యాపారం రెండింతలైంది. మా అంగడి పేరు చెప్పి ఎవరూ నష్టపోలేదు, ఒక్క మా అంగడి తప్ప.

మరి ఇంత పోల్చుకున్నవాళ్లు కొనరా? ఎవరన్నారు కొనరని? బ్రహ్మాండంగా కొంటారు. మద్రాసు పోయి కొంటారు!

మనకిది కొత్తేం కాదు. పెళ్లి చీరలకు మద్రాసు, కంటి ఆపరేషనుకు మద్రాసు, కొత్త సినిమా ఒక వారం ముందు చూడాలన్నా మద్రాసు. పొద్దున బండెక్కితే మధ్యాహ్నం భోజనం అక్కడే. సందులో సందు దూరి, బిల్లు అడగకుండా, గ్యారంటీ ఊసెత్తకుండా, నాలుగు దుడ్లు తక్కువకు కొనుక్కొస్తే ఆ తృప్తే వేరు. రైలు చార్జీ, హోటలు భోజనం, ఒట్టి చేతులతో వస్తే బాగుండదని ఇంటావిడకు తెచ్చిన చీర, ఇవన్నీ లెక్కలోకి రావు. ఆ మాటకొస్తే చంద్రమౌళి ఏడాదిపాటు తెప్పించిన కాఫీలు వస్తాయా?

కొనుక్కుని నేరుగా ఎక్కడికొస్తారు? మా అంగడికే! "ఇది ఎట్లప్పా ఆన్ చేసేది?" అంటూ. చంద్రమౌళి నేర్పించేవాడు. బయట కొన్న వస్తువు బయటే నేర్చుకోమను, మొహం మీద చెప్పరా, అని నేను గట్టిగానే అన్నాను.

"ఎట్ల పొమ్మంటా బావా? ఈ పొద్దు నేర్పిస్తే రేపు వాళ్లే ఇంకొకర్ని పిల్చుకొస్తారు" అన్నాడు.

నిజమే, పిల్చుకొచ్చారు. ఆ ఇంకొకరు కూడా మూడూ తీయించి చూసి, ఏ బండికి మద్రాసు పోతే మంచిదో వాడినే అడిగి తెలుసుకున్నారు.

మొదట్లో వాడు ప్రతి సాయంత్రం బీరువా అద్దం మీది వేలిముద్రలన్నీ తుడిచి గాని తాళం వేసేవాడు కాదు. రానురాను తుడవడం మానేశాడు. అది చూసిన రోజు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీద చూపించను? అంగడి నిండా మర్యాదస్తులే.

మొన్న ఆషాఢంలో అంగడి మూసేశాడు. మిగిలిన సరుకు పంపినవాళ్లకే తిప్పి పంపి, నగరి వెళ్లిపోయాడు. బాలసుబ్రమణ్యం షెడ్డులో పని దొరికింది. ఒకప్పుడు తనవే అయిన మగ్గాల దగ్గరే ఇప్పుడు కూలికి నిలబడుతున్నాడు. వాటిలో ఏది ఎప్పుడు మొరాయిస్తుందో వాడికి తెలుసు గనక ఇబ్బందేమీ లేదట. ఆ మాట వాడు నవ్వుతూ చెప్పాడని విని మా ఆవిడ అన్నం ముందు నుంచి లేచిపోయింది.

తాళం చెవి స్థలం యజమానికి ఇచ్చేసి రమ్మని నాకు పంపాడు. ఆ పని మీద నిన్న వెళ్తే, మూసిన షట్టరు ముందు మునస్వామిగారు నిలబడి ఉన్నారు. చేతిలో మద్రాసులో కొన్న వెండిది.

"ఏంది సామీ ఇది? చెప్పా పెట్టకుండా మూసేస్తే ఎట్ల? పది దినాలు అల్లుడింటికి పొయ్యొచ్చేలోపల దీంట్లో చార్జింగు అయిపోయింది. మళ్లీ చార్జింగు పెడితే అంతా తుడిచిపెట్టుకుపోయి ఉండాది! పాల లెక్క పోయె, అల్లుడి నంబరు పోయె. అది పోతే పోనీ, మూడింటికీ తేడాలన్నీ ఏడాదిగా రాసిపెట్టుకున్నా, అది గూడా దీంట్లోనే ఎక్కించినా. పోయె! మీవాడు చూపించిందే గదా నేను కొనింది?"

మీరు కొన్నది మద్రాసులో కదండీ అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "కొనేదానికి మద్రాసు ఉండాది సామీ. సూసేదానికి ఊర్లో ఒక అంగడన్నా ఉండొద్దా? కొంచెమన్నా బాధ్యత లేదే మీవాడికి!"

 అంతలో ఆయన చూపు నా చేతిలోని తాళం చెవి మీద పడింది.

"తెరువు ఒకసారి. ఆ నల్లది ఉంటే సూసిపోతా. దాంట్లో గూడా ఇట్లనే పోతాదేమో, తెలుసుకోవల్ల గదా."

తెరిచాను. నల్లది లేదు, మూతది లేదు. వేలిముద్రలు నిండిన అద్దాల బీరువా ఒక్కటే ఉంది. మునస్వామిగారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు. తలుపు తీసి వేశారు, వేసి తీశారు. కొయ్య మీద వేలితో కొట్టి చెవి ఆనించి విన్నారు.

"ఇది అమ్ముతారా?"

అమ్ముతామన్నాను.

"బాగుండాది" అన్నారు. "మద్రాసులో గూడా ఒకసారి సూసొచ్చి చెప్తా."