దర్జీ గారి పరగడుపు సంగ్రామం

వినుడు, జనులారా! గొంతులో గుక్కెడు టీ దిగని పరగడుపు వేళ, ఫినాయిల్‌గంధబంధురమైన రక్తపరీక్షాకేంద్రమున, కుంటి ప్లాస్టిక్ కుర్చీయనెడు సింహాసనమున ఆసీనుడైన సీవనకళాసార్వభౌముని, అనగా మన దర్జీ గారి వీరగాథను వినుడు! ముప్పదేండ్లుగా సూచీముఖసహస్రప్రహారములను చిరునవ్వుతో సహించిన ఆ ధీరుడు ల్యాబు అమ్మాయి సూది చూడగానే కండ్లు గట్టిగా మూసుకొనెను. ఎవరి సూదికి వారే మొనగాళ్లు, ఏం చేస్తాం!

రిపోర్టు వచ్చెను. పోయినసారి తొంబదియారున్న చక్కెర నూటడెబ్బదియెనిమిదికి ఎగబాకెను! అంతట అర్ధాంగి ప్రళయభీకరాకారయై, "డబ్బాలో చక్కెర తగ్గితే చీమలనుకున్నా. ఆ చీమకి మీసాలున్నాయని ఇప్పుడు తెలిసింది!" అని గర్జించి, ఇంటికేగి, చక్కెర డబ్బాను అటక మీదికి దేశబహిష్కారము గావించెను.

చప్పని టీ పోనిండు, మాట పోయిన తరువాత మగనికి మిగిలేదేమి? "ఓసీ! ఈ కత్తెర సాక్షి, ఈ టేపు సాక్షి! తీపి నా నాలుకనంటెనేని, నేను కుట్టిన కుట్లన్నియు ఊడిపోవుగాక!" అని ఆ సత్యసంధుడు ప్రతినబూనెను.

"అవి ఎటూ ఊడిపోతూనే ఉన్నాయిగా," అనెను ఇల్లాలు.

మరునాడు దంపతులు డాక్టరమ్మ సన్నిధికి చేరిరి.

"మందులేమైనా వాడుతున్నారా?"

"అబ్బే, లేదండీ. మూడు వారాలుగా భుజం నొప్పికి మా బావమరిది ఇచ్చిన బిళ్లలు తప్ప."

"మరి అవి మందులు కావా?"

"వాడికి మందుల షాపుంది, నిజమే. కానీ మనింటివాడు చేతిలో పెట్టింది మందెలా అవుతుందండీ?"

జేబునుండి వెలువడిన బిళ్లల అట్టను చూచి డాక్టరమ్మ తల పట్టుకొనెను. "ఇవి స్టెరాయిడ్లు! తీపి ముట్టకపోయినా షుగరు పెంచేస్తాయి. మూడు వారాలుగా మింగుతున్నారా? అలాగని ఉన్నపళంగా మానకండి. నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రండి, తర్వాత మళ్లీ పరీక్ష చేద్దాం."

దర్జీ వీరుడు మెల్లగా భార్యవైపు తిరిగెను. "విన్నావుటే? మీసాల చీమ మీ పుట్టింటిదే!"

"మా తమ్ముడు మంచికే ఇచ్చాడు," అని ఆమె చీరకొంగు మడతలు లెక్కపెట్టసాగెను.

బిళ్లలు తగ్గి, ఆగి, కొన్నాళ్లు గడిచినపిమ్మట రెండవ రిపోర్టు వచ్చెను. తొంబదియెనిమిది! ఇల్లాలు అటక కింద స్టూలెక్కెను. "మిమ్మల్ని నమ్మాల్సింది," అనెను పైనుండే. ఆ ఒక్క ముక్కకు మన వీరుని కండ్లు చెమ్మగిల్లినవి.

జయము, జయము! దిక్కులారా, ఆలకింపుడు! చక్కెర డబ్బా అటక దిగెను! టీలో అర చెంచా పడెను!

మూత మాత్రం మళ్లీ ఆమే బిగించెను.