ఒక్క లోపమూ లేని రబోనియస్

ప్రపంచాన్ని గెలిచిన మా రోము నగరం పేర్ల దగ్గర మాత్రం చేతులెత్తేసింది. మగవాళ్లకి పట్టుమని ఇరవై పేర్లు లేవు. (కొత్తది అడిగినవాణ్ణి అనుమానంగా చూస్తాం.) ఆడపిల్లలకి తండ్రి ఇంటిపేరే పేరు. మా పక్కింటి సెప్పియా "రబోనియా" అని కేకేస్తే ముగ్గురు కూతుళ్లూ వస్తారు, పనుందని తెలిస్తే ముగ్గురూ రారు.

మొన్న న్యాయస్థానం ఔలస్ రబోనియస్ అనే దొంగసాక్షికి నగర బహిష్కరణ శిక్ష వేసింది. ఆ పేరుగలవాళ్లు ఊళ్లో నలుగురు. వాళ్లలో ఒకడు సెప్పియా మొగుడు, రొట్టెలు కాల్చుకుని బతికే అమాయకుడు.

ఇలాంటి చిక్కులకే పోలికల నివారణ కచేరీ ఉంది. ఒంటిమీది లోపమేదైనా చూపిస్తే దాన్నే బిరుదుగా పలక మీద రాసిస్తారు. సుగుణాలు చెల్లవు. (అవి ఎవరైనా చెప్పుకోగలరు.) మొదటివాడు కుంటి రబోనియస్ అయ్యాడు, రెండోవాడు బట్టతల రబోనియస్. మూడోవాడు, న్యాయస్థానంలో మేమంతా కళ్లారా చూసిన ఆ దొంగసాక్షే, మెల్లకన్ను రబోనియస్ అని రాయించుకుని పలక చంకన పెట్టుకుపోయాడు. తీర్పులో మెల్లకన్ను మాట లేదు మరి.

మావాడి వంతు వచ్చింది. గుమాస్తా పళ్లు లెక్కపెట్టాడు, జుట్టు లాగి చూశాడు, అటూ ఇటూ నడిపించాడు.

"పులిపిరైనా లేదా?"

"లేదండీ."

"ఇన్నేళ్లూ ఏం చేశారయ్యా మీరు?" అన్నాడు గుమాస్తా, నిజంగానే జాలిపడి.

ఇంటికొస్తే సెప్పియా రోకలి పట్టుకుని నిలబడింది. "ఒక్క పన్నే కదయ్యా, నోరు తెరువు."

"ముందు పన్నే కావాలా?"

"దవడపన్ను ఎవడికి కనిపిస్తుంది?"

కాస్త అందగాడు, రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు వాచిన మూతితో, పన్ను గుడ్డలో కట్టుకుని కచేరీకి వెళ్లాడు. గడువు నిన్నటితో అయిపోయిందనీ, ఆ తర్వాత ఊడిన పళ్లు చెల్లవనీ గుమాస్తా చెప్పాడు.

"ముగ్గురూ తేలిపోయారు. ఇప్పుడు ఊళ్లో వట్టి ఔలస్ రబోనియస్ అంటే మీరొక్కరే. తీర్పులో ఉన్నదీ వట్టి ఔలస్ రబోనియస్సే. ఎంత స్పష్టంగా ఉందో చూడండి."

నగర ద్వారం దగ్గర ముగ్గురు రబోనియాలూ తండ్రిని పట్టుకుని ఏడుస్తున్నారు. అంతలో గుమాస్తా ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చి కొత్త పలక ఒకటి మావాడి చేతిలో పెట్టాడు. వెతగ్గా వెతగ్గా ఒక లోపం దొరికిందట. పలక మీద "దొంగసాక్షి రబోనియస్" అని రాసి ఉంది.

మా కచేరీ ఎవరినీ వట్టి చేతులతో పంపదు.