గల్లీ గోడల మీద బెండకాయ చుక్కలు

క్రిస్మస్ సెలవుల్లో రెండో రోజు పొద్దున, దవాఖాన డ్యూటీకి బయలుదేరుతూ స్టెల్లా బల్ల మీద మూడు బెండకాయలు, తెల్ల కాగితాలు, ఎర్ర రంగు సీసా పెట్టింది. బెండకాయను అడ్డంగా కోసి, రంగులో ముంచి అద్దితే చుక్క పడుతుంది. ఒకటి అంకె కింద ఒక చుక్క, రెండు కింద రెండు, అలా పది దాకా. నాలుగేళ్ల సుసన్నకు ఆటకు ఆట, లెక్కకు లెక్క.

"మామా, సాయంత్రానికి పది దాకా రావాలె. వస్తె ఇంట్లనే ఉంటది. రాకుంటే రేపటి సంది బొంగులూరు డే కేర్‌ల ఏస్త. నీది ఆడిపిచ్చుడే గని నేర్పుడు లేదు," అంది.

మనవరాలు లేని ఇంట్లో ఒక్క పూట కూడా ఉండడం ఆమె మామ ఎల్లస్వామి వల్ల కాదు. అయినా ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా తలలు లెక్కపెట్టిన తనకు పది ఒక లెక్కా అనుకున్నాడు.

తీరా చూస్తే సుసన్న ఒకటి, రెండు అని నేరుగా అయిదుకు దూకేది. గంటలో కాగితాలన్నీ ఎర్రబడ్డాయి, మూడు మాత్రం రాలేదు. కూర్చుంటే లెక్క రాదు, నడిస్తేనే వస్తుందని ఎల్లస్వామికి గట్టి నమ్మకం. రంగు సీసా, బెండకాయ ముక్క పట్టుకుని, మనవరాలిని చంకనెత్తుకుని గల్లీలోకి నడిచాడు. తమ గోడకు ఒక చుక్క, పక్కింటికి రెండు, ఆ పక్కింటికి మూడు. అందరూ పనులకు పోయిన వేళ, అడిగేవాళ్లు లేరు. నీళ్ల రంగే కదా, సాయంత్రం తుడుద్దాంలే అనుకుంటూ పదో ఇంటిదాకా వెళ్లొచ్చి, అన్నం తిని ఇద్దరూ హాయిగా పడుకున్నారు.

మూడింటికి లొల్లి వినబడి లేచాడు. నాలుగో ఇంటి శంకరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది.

"అన్నా, నీ నసీబ్ మంచిగున్నది. నీకు ఒక్క ఫీటే పోతున్నది. మాకు నాలుగు."

"ఏం పోతున్నది?"

"గల్లీ వెడల్పు జేస్తరంట. గోడలకు మార్కింగ్ పెట్టి పోయిండ్రు. ఎప్పుడొచ్చిండ్రో ఎవ్వలు చూడలే."

ఔటర్ రింగ్ రోడ్డు పడ్డప్పటి నుంచి ఈ చుట్టుపక్కల గోడ మీద ఎర్ర గుర్తు కనబడితే ఎవరికైనా అన్నం సయించదు. ఎల్లస్వామి నిజం చెప్పబోయాడు. ఆ మాట స్టెల్లా చెవిన పడితే? డే కేర్ కళ్లముందు మెదిలింది. "అట్లనా," అని ఊరుకున్నాడు.

ఈలోగా, ప్రతి ఆఫీసులోనూ మనవాళ్లున్నారని చెప్పుకునే శ్రీశైలం రంగంలోకి దిగాడు. చుక్కను దగ్గరగా చూసి, "సర్వేవోళ్ల మార్కే గిది. చుక్కకో ఫీటు. ఎవ్వలు ముట్టకుండ్రి, కేసయితది," అన్నాడు. అంతే, చెంబెడు నీళ్లకు పోయే రంగు జోలికి ఎవరూ పోలేదు. చుక్కల్లేని ఎదురు వరుసవాళ్ల మీద పడ్డారు.

"మీకెందుకు పెట్టలే? ఎవల్ని పట్టుకున్నరు?"

పదో ఇంటి మల్లేశయ్యకైతే పది ఫీట్లంటే ముందు గదే పోతుంది. గల్లీలోకి పొడుచుకొచ్చిన మెట్లు తనే తీసేస్తే సార్లు కనికరిస్తారేమోనని సమ్మెట తెప్పించాడు.

"ఆగు మల్లేశన్నా, సారుతోని మాట్లాడిన. ఆరుకు దించుతమన్నడు," అన్నాడు శ్రీశైలం ఫోను చెవికి ఆనించి. మల్లేశయ్య అతనికి చాయ్ తెప్పించాడు గానీ మెట్లు కొట్టడం ఆపలేదు.

స్టెల్లా ఆటో దిగేసరికి రెండు మెట్లు పోయాయి. మల్లేశయ్య గోడ మీద ఉన్నవి తొమ్మిదా పదా అని తగాదా నడుస్తోంది. ఒక చుక్క మీదికి ఇంకొకటి ఎక్కడంతో ఎవరికీ తేలడం లేదు.

సుసన్న తాత చెయ్యి విడిపించుకుని గోడ దగ్గరికి వెళ్లింది. ఒక్కో చుక్కనూ వేలితో చూపిస్తూ, ఎక్కడా దూకకుండా పది దాకా లెక్కపెట్టింది.

"పది. నేనే పెట్టిన. తాత ఎత్తుకున్నడు."

గల్లీ మొత్తం ఎల్లస్వామి వైపు తిరిగింది. శ్రీశైలం ఫోను జేబులో పెట్టుకుని, సారుకు వేరే పని పడ్డదని గొణిగాడు. స్టెల్లా చున్నీ కొంగు తడిపి ఒక చుక్కను తుడిచింది. పోయింది. మల్లేశయ్య సమ్మెట వదిలేసి మిగిలిన మెట్టు మీద కూలబడ్డాడు.

"బిడ్డా, పది దాకా వచ్చింది గద," అన్నాడు ఎల్లస్వామి మెల్లగా.

"వచ్చింది మామా." స్టెల్లా విరిగిన మెట్ల వైపు ఒకసారి చూసి ఫోను తీసింది. "హలో, డే కేరా? మా ఇంట్ల ఇద్దరున్నరు. ఒకలకు నాలుగేండ్లు, ఇంకొకలకు అరవై తొమ్మిది. ఇద్దర్నీ తీసుకుంటరా?"

ఎల్లస్వామి మనసు కుదుటపడింది. తన టిఫిన్ డబ్బాలో ఏం కూర పెడతావని మాత్రం అడిగాడు.